చేతులు వెనక్కి

క్లేటన్ పక్కనున్న ఆ ఆడపిల్లల స్కూల్లో నా పనికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. కంప్యూటర్‌లో తేదీని 1999 డిసెంబరు ఆఖరి రాత్రికి మార్చాలి. నిమిషం ఆగాలి. 2000లోకి వెళ్తే సరే, 1980లోకి జారిపోతే ఫ్లాపీ పెట్టి ప్యాచ్ ఎక్కించాలి. ఎమ్‌సీఏ చదివి కర్నూలు నుంచి మెల్‌బోర్న్ దాకా వచ్చింది ఇందుకే.

శుక్రవారానికి ల్యాబ్ పూర్తయితే మా మేనేజర్ సుబ్బరాజు గారు నన్ను బ్యాంకు ప్రాజెక్టులో వేస్తారు. లేకపోతే బెంచి, అంటే పనీ జీతమూ లేకుండా ఇంట్లో కూర్చోవడం.

అడ్డమల్లా హెడ్‌మిస్ట్రెస్సే. పేరు సిగ్‌బ్రిట్, స్వీడన్ ఆవిడ. ఆ డిసెంబరులోనే రిటైరవుతోంది. మొదటి రోజే షరతు పెట్టింది: కీబోర్డు పిల్లలే ముట్టుకోవాలి. నేను నోటితో చెప్పాలి, చేతులు వెనక్కి పెట్టుకుని. అలా నిలబడటం మూడో తరగతితోనే అయిపోయిందనుకున్నాను.

ఎందుకని అడిగితే, పాలు లేని కాఫీ తాగుతూ తన కథ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కలప మిల్లు ఉండేది. స్కూల్లో వడ్రంగం క్లాసు. ఆడపిల్ల చిత్రిక పడితే చాలు, మాస్టారు "ఇలా ఇవ్వు, పాడుచేస్తావు" అని లాక్కుని తానే పూర్తిచేసేవాడు. అలా ఆయన పూర్తిచేసిన ఆవిడ స్టూలుకి క్లాసులో మొదటి మార్కు వచ్చింది. ఆ స్టూలు మీద ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదట. పెళ్లయ్యాక ఇక్కడికొస్తే, పెళ్లయిన ఆడదానికి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వం అన్నారు. ఏళ్ల తరబడి టెంపరరీగా పాఠాలు చెప్పి, చివరికి కొందరు తల్లులను కూడగట్టి, ఒక చర్చి హాల్లో ఈ స్కూలు పెట్టింది. ఇక్కడ ఆడపిల్ల చేతిలోంచి పనిముట్టు ఎవరూ లాక్కోరు.

కథ బాగుంది. నా శుక్రవారం సంగతేంటి?

బ్రోన్‌విన్ అనే పిల్ల ఒక్క వేలితో టైపు చేస్తుంది. తేదీలో నెల ముందు కొట్టమన్నాను. రోజు కదా ముందు రావాలి అంది. మెషిన్ అమెరికాది అన్నాను. అమెరికావాళ్లు అలా ఎందుకు రాస్తారంది. నా వేళ్లు దురద పెట్టాయి. ఒకసారి తట్టుకోలేక కీబోర్డు లాక్కుని నేనే కొట్టేశాను. సిగ్‌బ్రిట్ మెషిన్ ఆపేసి, బ్రోన్‌విన్‌ని మళ్లీ మొదలుపెట్టమంది. గురువారం సాయంత్రానికి సగం ల్యాబ్ కూడా కాలేదు. సుబ్బరాజు గారికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను.

శుక్రవారం ఆయనే వచ్చారు. బ్రోన్‌విన్‌కి కొట్టి చూపించడానికి నేను, సిగ్‌బ్రిట్ అనుమతితో, పక్క మెషిన్ ముందు కూర్చుని ఉన్నాను. ఆయన నా భుజం మీదుగా వంగి మౌస్ అందుకోబోయారు.

"లే అమ్మా. ఇలా ఇవ్వు, నేను లాగించేస్తాను."

ఎప్పుడూ అంతే. క్లయింట్ల ముందు నేను రాసిన ప్రోగ్రామ్‌ని కూడా ఆయనే నడిపి చూపిస్తారు. నేను వెనకాల ప్యూన్‌లా నిలబడతాను. అది సాయమనే అనుకునేదాన్ని. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. సిగ్‌బ్రిట్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది. అదే నాకు ఎక్కువ మండింది.

"సార్, చేతులు వెనక్కి పెట్టుకోండి," అన్నాను. "ఏం చెయ్యాలో నోటితో చెప్పండి."

ఆయన జోకనుకుని నవ్వారు. నేను మౌస్ వదల్లేదు.

"బ్యాంకు వాళ్లకి సోమవారానికి మనిషి కావాలి, తస్నీమ్. ఇక్కడ పిల్లలతో ఆటలాడతానంటే నీ ఇష్టం."

"ఈ పిల్లలది అయ్యాకే వస్తాను సార్."

ఆయన వెళ్లిపోయారు. ఈలోగా పిల్లలకి చెయ్యి తిరిగింది; ఆఖరి మెషిన్ బెల్లు కొట్టాక అయింది. తెర మీద 2000 పడింది. బ్రోన్‌విన్ బ్యాగు భుజాన వేసుకుంటూ ఈజీయే కదా అనేసి పోయింది. సిగ్‌బ్రిట్ కాఫీ ఇచ్చింది. అదీ పాలు లేకుండానే.

ల్యాబ్ శుక్రవారానికే అయినా, సోమవారం బ్యాంకుకి సుబ్బరాజు గారు మా ఆఫీసులోని యోగానంద్‌ని పంపారు. నేను ఇంట్లో ఉన్నాను. ఈమెయిల్ తెరవడం రావట్లేదని రూమ్మేట్ రత్నకుమారి పిలిచింది. మౌస్ మీదికి పోతున్న చెయ్యిని ఆపి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"ఏంటే, చేసిపెట్టొచ్చుగా," అంది విసుగ్గా. "బెంచి మీదున్నావు, నీకంత తొందర పనులేమున్నాయ్?"