కారణం అనే గడి

నెల్డా మూడు లెక్కపెట్టగానే ఇద్దరు ఆడవాళ్ళూ దుప్పటి అంచులు పట్టుకుని డియోనెల్‌ను ఎడమపక్కకు పొర్లించారు. నడుం కింద పుండు అరచేయంత అయింది. మధ్యలో ఎముక కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు కింద గది పెనంలా కాలుతోంది. అతని భార్య నెల్డా మొహం తిప్పుకోకుండా ఉప్పునీళ్ళతో పుండు కడిగింది. నాలుగేళ్ళుగా ఆమెకది అలవాటైన పని.

రెండో ఆవిడ ఓర్ఫీలియా. మా లగూనా ఉప్పునీటి మడుగు చుట్టూ ఉన్న అయిదు పల్లెల్లో, సముద్రం అడుగున రాతిరొయ్యలు పట్టబోయి కాళ్ళు చచ్చుబడిన నలభయ్యారు మందికి ఆమే దిక్కు. ఎవరికి మూత్రపు గొట్టం మార్చాలి, ఎవరి చక్రాల కుర్చీ ఇసకలో కూరుకుని విరిగింది, రెండు గంటలకోసారి మనిషిని పొర్లించే వంతు ఇవాళ ఏ ఇంటిది, అన్నీ ఆమె నోటుపుస్తకంలో ఉంటాయి. దెబ్బతిన్నవాళ్ళ సంఘం ఆమెకు ఇచ్చేది నెలకు మూడు వేల లెంపిరాలు. పడవలో పోసే పెట్రోలు కూడా అందులోంచే.

ఆ పూట ఆమె వచ్చింది పొర్లించడానికి కాదు. చెప్పవచ్చిన మాట నోట్లోంచి ఊడిపడక, పొరుగామె వంతు తాను అందుకుంది. పని అయ్యాక ఇక తప్పక చెప్పింది. గురువారం పట్నం ఆసుపత్రి పడవ వస్తుంది. పుండ్లకు ఆపరేషను చేసి మూడు నెలలు మంచం ఇస్తారు. జాబితాలో మొదటి పేరు డియోనెల్‌దే. ఆ పేరు కొట్టేశారు. పనిలో దెబ్బతిన్నవాళ్ళకే ఈ ఏడాది నుంచి ఆ మంచాలట. కాళ్ళు పడిపోయినప్పుడు సంఘం తరఫున రాసిన డియోనెల్ కార్డులో, కారణం అనే గడిలో ‘లీవా పట్టింది’ అని ఉంది. అది రాసింది ఓర్ఫీలియానే.

మాలో ఆ మాట కొత్తది కాదు. నీళ్ళ అడుగున పొడుగు జుట్టు ఆడది లీవా ఉంటుందని, రాతిరొయ్యలన్నీ ఆవిడ సొత్తని, ఆశపడి ఎక్కువ పట్టినవాడి కాళ్ళు తీసేసుకుంటుందని ఉయ్యాల్లోనే వింటాం. పట్నం డాక్టర్లు అది విని నవ్వేవాళ్ళు. వాళ్ళలా నవ్వకూడదనే ఓర్ఫీలియా, డియోనెల్ తల్లి ఫెర్మినా చెప్పింది చెప్పినట్టు రాసింది. అది మర్యాద అనుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకూ లోలోపల నమ్మకమే; ఆమె తండ్రి కూడా అలాగే పోయాడు. లోతు నుంచి గబగబా పైకొస్తే నెత్తురులో గాలి బుడగలు కట్టి వెన్నును చంపుతాయని తర్వాత నేర్చుకుంది గాని, అప్పటికే ముప్ఫయ్యొక్క కార్డుల మీద అదే మాట, అదే చేతిరాత.

తప్పు లీవాదైతే రొయ్యల పడవల యజమానులకు అంతకంటే కావలసిందేముంది? వాళ్ళ తరఫున మనుషుల్ని కూడగట్టే దోన్ రిగో, మనిషి పడిపోయిన ప్రతి ఇంటికీ బస్తా బియ్యం, రెండు కొవ్వొత్తులు పట్టుకొచ్చి, తల్లి పక్కన కూచుని, అవునమ్మా లీవాయే అని తలాడించి పోయేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

డియోనెల్ గోడ వైపు తిరిగే అంతా విన్నాడు.

“అయితే లీవా సంతకం సెల్లదన్నమాట,” అన్నాడు చివరికి. “పాపం, ఆపీసులో ఆవిడకెవరూ తెలీదు గావాల.”

ఓర్ఫీలియా ఏడ్చేసింది. నా చేతులారా నీ గొంతు కోశాను తమ్ముడూ అంది. ఆ మంచం మీది మనిషే ఆమెను ఓదార్చవలసి వచ్చింది.

దారి ఒకటి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పి కొత్త కార్డు రాయించుకోవచ్చు. అయితే మొదటి కార్డు మీద వేలిముద్ర వేసినవాళ్ళే దాని మీదా వెయ్యాలి. అంటే ఫెర్మినా. ఆవిడ వసారాలో ఉడికిన పచ్చి అరటికాయలు కొబ్బరిపాలతో మెదుపుతోంది. విషయం విని చెయ్యి ఆపింది. రెండో కొడుకు అబ్నెర్, సోమవారం మొదలయ్యే వేటకు రిగో దగ్గర పేరిచ్చి ఉన్నాడు. రొయ్య పౌనుకు డెబ్బై లెంపిరాలు. మా వైపు మగవాడికి ఇంకో పని ఎక్కడుంది?

“లీవా కాదని నా ఏలితో నేనే అద్ది, రెండోవోణ్ణి ఆవిడ నీళ్ళలోకి దింపమంటావా?” అంది. “నేనెయ్యను.”

నెల్డా మోకాళ్ళ మీద కూలబడి బతిమాలింది. బుధవారం దాకా ఓర్ఫీలియా మూడుసార్లు వచ్చి చెప్పి చూసింది. ముసలామె కదల్లేదు. ఆఖరుసారి లోపలినుంచి డియోనెలే పిలిచాడు.

“అమ్మనొదిలెయ్యక్కా. దానికింక మిగిలింది ఆడొక్కడే.”

గురువారం పడవ వచ్చి వేరే ముగ్గురిని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. శుక్రవారం డియోనెల్‌కు జ్వరం తగిలింది. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు మొదలయ్యే వేళకు పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. పోయిన తర్వాత కూడా నెల్డా వేళ చూసుకుని దుప్పటి అంచు పట్టుకుంది. పొర్లించక్కర్లేదని ఇద్దరు ఆమె చేతులు పట్టుకుని చెప్పవలసి వచ్చింది.

సాయంత్రం రిగో వచ్చాడు. శవపేటికకు పలకలు, బియ్యం, కొవ్వొత్తులు తెచ్చాడు. టోపీ తీసి, లీవా తన మనిషిని తాను పిలుచుకుందమ్మా అన్నాడు. ఖననం అయ్యాకే అబ్నెర్‌ను పంపమని, అతని కోసం పడవ ఒక రోజు ఆపుతానని దయగా చెప్పాడు.

ఫెర్మినా కొడుకు తల దగ్గర నుంచి లేచింది.

“అబ్నెర్ రాడు,” అంది.

రిగో సరిగ్గా వినలేదనుకుని, పేరిచ్చాడు కదమ్మా అన్నాడు.

“ఇచ్చాడు. రాడు.”

తర్వాత ఓర్ఫీలియా వైపు తిరిగి కొత్త కార్డు రాయమంది. ఆ కార్డు బతికున్నవాళ్ళకే పెద్దమ్మా, ఇప్పుడు రాసినా దేనికీ పనికిరాదని ఓర్ఫీలియా అంది.

“ఆ రోజు పడవ దింపగానే ఆడు నాకు సెప్పాడు,” అంది ఫెర్మినా. “నూట ముప్పై అడుగుల లోతంట. ఆ రోజుకది పదమూడో గాలి సిలిండరంట. గాలెంతుందో సూపించే ముల్లు పాడైంది, మార్చమంటే పడవోళ్ళు మార్చలేదంట. అడుగునుండగా గాలైపోతే గబగబా పైకొచ్చేశాడంట. లీవాని సూళ్ళేదమ్మా అన్నాడు. నేనే ఆడి నోరు మూశాను, ఆవిడకి ఇనపడద్దని. నాలుగేళ్ళు మళ్ళీ ఆ మాటెత్తలేదు నా కొడుకు. ఇప్పుడు రాయి. ఆడు సెప్పింది రాయి.”

ఓర్ఫీలియా నేల మీద కూచుని రాసింది. రాసింది ఫెర్మినా చదివించుకుంది, ఇంట్లో అందరికీ వినపడేలా. రిగో గుమ్మంలో నిలబడే విన్నాడు. పలకలు దించాలా వద్దా అని అతని మనుషులు అడుగుతున్నారు. ముసలామె అటు చూడలేదు. బొటనవేలు సిరాలో ముంచి కార్డు మీద అదిమింది. నెల్డా వచ్చి చెయ్యి పట్టుకునేదాకా తియ్యలేదు.