జోగయ్య పడవలో సాంబన్న మాట

ప్రాణహిత తెలంగాణ ఒడ్డు నుంచి మహారాష్ట్రలోని సిరొంచకు జోగయ్య పడవ పొద్దున ఏడింటికి కదిలేది. కదిలేముందు ఆయన రోజూ చెప్పేదే ఆరోజూ చెప్పాడు.

"మూటలు నడుమల పెట్టుండ్రి. తిట్లుంటే ఒడ్డుమీదనే తిట్టుకొని ఎక్కుండ్రి."

కటువు మాటకు ఆ పడవ కుంగుతుందని అందరికీ తెలుసు. అందుకే పొలం తగాదా ఉన్న అన్నదమ్ములు వేరువేరు దఫాల్లో ఎక్కేవారు.

పెళ్లాం మల్లక్కను తీసుకుపోవడానికి నిన్ననే సిరొంచ నుంచి వచ్చిన సాంబన్న ఆమె వెనకాలే ఎక్కాడు. ఆమె అలిగి పుట్టింటికి వెళ్లి పదహారు రోజులైంది. ఆడవాళ్ల పొదుపు సంఘం, బచత్ గట్‌లో మరాఠీలో సంతకం నేర్చుకుని, ఆ నోటుబుక్కు తెచ్చి మురిపెంగా చూపిస్తే, సాంబన్న పదిమందిలో "కోడి గీరినట్టున్నది" అన్నాడు. ఇవాళ ఆమె గట్ మీటింగుకే వస్తోంది. సాయంత్రం మళ్లీ వెళ్లిపోతుంది. నది దాటేలోపు ఒప్పించాలి.

"ఏమే, ఇంకెన్ని రోజులే నీ పొగరు?"

పడవ నాలుగు వేళ్లు కుంగింది.

"తమ్మీ, జర నోరు!" అంది దేవక్క, వంకాయల గంప ఒళ్లోకి ఎత్తుకుంటూ.

సాంబన్న గొంతు తగ్గించాడు. "నువ్వు బంగారానివి. నువ్వు లేక నా గుండె ఆగిపోతున్నది."

పడవ కుంగలేదు కానీ ఉన్నచోటే గిర్రున తిరగసాగింది. ఎవరిదో మేక కళ్లు తేలేసింది.

"టీవీల మాటలైతే గిట్లనే తిరుగుతది," అన్నాడు జోగయ్య విసుగ్గా. "నీ సొంతవి చెప్పు."

"ఇల్లంత పరేషానున్నది. వండేటోళ్లు లేరు. మూడు రోజుల సంది అటుకులే తింటున్న."

ఇంకో రెండు వేళ్లు. నీళ్లు పడవ అంచును నాకాయి.

"నేను తిట్టలే గద!"

"తిట్టలే. గని నీ వంటపని ఆమె నెత్తిన పెట్టినవ్. బరువుండదా?" అన్నాడు జోగయ్య.

సిరొంచ రేవు దగ్గరపడుతోంది. మల్లక్క నీళ్లకేసి చూస్తూ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నాకు సంతకం రాదు," అన్నాడు సాంబన్న చివరికి, కాళ్లకింది చెక్కలకు చెబుతున్నట్టు. "తాసిల్ ఆఫీసుల ఇయ్యాల్టికీ అంగూఠా ముద్రనే ఏస్త. నువ్వు నీ పేరు రాస్తే నాకు సిగ్గయింది. అందుకే గట్లన్న. నువ్వు మంచిగనే రాసినవ్."

పడవ లేచింది. ముందు వేళ్లు, తర్వాత జానెడు, ఆ తర్వాత నీళ్లనే విడిచి మూరెడు. గడకర్ర అడుక్కి అందక జోగయ్య గాలిలో ఊపాడు.

"ఇగ చాలు సాంబన్నా! ఇంకో మాటంటే యాడనో దూరమున్న ఆష్టి ఊర్ల దిగుతం! ఎవలన్న ఒక్క తిట్టు తిట్టుండ్రి!"

అందరూ మల్లక్క వైపు చూశారు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

"మొద్దు మొఖం నీది! గీ ముక్క చెప్పనీకి పదహారు రోజులు పట్టిందా?"

పడవ మెత్తగా రేవు ఇసుకలో కూర్చుంది. మల్లక్క దిగి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"జోగయ్య మామా, సాయంత్రం నా కోసం ఆగకు. మా అమ్మనడిగి నా చీరల సంచి పట్టుకరా."