వీపు తిప్పిన గురవమ్మ

నంద్యాల గాంధీచౌకు దగ్గర సంజీవయ్య ఫోటో స్టూడియో పొద్దున తొమ్మిదికి తెరుస్తారు. ముందు గడపలో బేతంచెర్ల బండల మీద నీళ్ళు చల్లడం, తర్వాత వీధివైపున్న అద్దాల బీరువా తుడవడం, ఆ తర్వాత టీ. ఒంటిగంటకు అన్నం. రెండు నుంచి నాలుగు దాకా సంజీవయ్య నిద్ర. ఆకలి లేకపోతే అన్నమైనా మానేస్తాడేమో గానీ, ముప్పై ఏళ్ళలో ఆ నిద్ర మానలేదు. ఆ రెండు గంటలూ స్టూడియోలో ఆయన భార్య యశోదమ్మ కూర్చుంటుంది. కెమెరాలో రీలు ఎక్కించడం, చీకటి గదిలో ఫోటోలు కడగడం, ఆరేయడం, ప్రతి ఫోటో వెనకా ‘ఫోటో: సంజీవయ్య’ అని రబ్బరు ముద్ర గుద్దడం ఆమె పనులే.

ఆ స్టూడియో ఫోటోలకు ఒక గుణముంది. హక్కుదారును అడగకుండా ఎవరైనా వాడుకుంటే, ఫోటోలోని మనిషి వీపు తిప్పేస్తాడు. మిడుతూరు రైతు ఫోటోను ఒక విత్తనాల కంపెనీ చెప్పాపెట్టకుండా క్యాలెండర్లో వేసుకుంది. పన్నెండు నెలలూ రైతు వీపే. ఆత్మకూరులో ఒక పెళ్ళిళ్ళ పేరయ్య అడగకుండా ఒక పిల్ల ఫోటో పట్టుకెళ్ళి చూపిస్తే, మగపెళ్ళివారు జడ బాగుందని మెచ్చుకుని, మొహం కోసం సంజీవయ్యకు కబురు పెట్టారు. ఆయన ‘సరే’ అన్నాడు, పిల్ల ఇటు తిరిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సంజీవయ్య ఫోటో కూడా అంతేనని ఊరంతా సర్దుకుపోయింది.

2008లో ఈ సర్దుబాటుకు ఇబ్బంది వచ్చింది. తెచ్చింది లూదియా టీచరు.

లూదియా ఆళ్లగడ్డ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఆదివారం ప్రార్థన ముగియగానే బస్సెక్కి నంద్యాల వచ్చి, సంజీవయ్య స్టూడియో మీది అంతస్తులో ఉన్న నెట్ సెంటర్లో కూర్చుంటుంది. అంతర్జాలంలో అందరూ కలిసి రాసే, అందరూ ఉచితంగా చదివే విజ్ఞానసర్వస్వం ఒకటుంది. అందులో ఆమె ఆళ్లగడ్డ శిల్పకళ గురించి ఒక వ్యాసం రాసింది. ‘గురవమ్మ అనే శిల్పి నలభై ఏళ్ళుగా విగ్రహాలకు కళ్ళు చెక్కుతున్నారు’ అన్న వాక్యం కూడా రాసింది. మర్నాటికే ఎవరో దాని పక్కన ‘ఆధారం ఏది?’ అని గుర్తు పెట్టారు.

ఆధారం కోసం లూదియా శిల్పశాలకు వెళ్ళింది. దాన్ని నడిపేది గురవమ్మ అక్క కొడుకు రాజశేఖర్.

“మా పిన్నమ్మ రాయికి నీళ్ళు పోసేది, అంతే,” అన్నాడతను. “ఉలి పట్టే పని ఆడోళ్ళదా మేడమ్? యాడన్నా చూసినారా?”

పక్కనే రాతి మీద కూర్చున్న గురవమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకూ పొరలు కమ్ముతున్నాయి. డాక్టరు ఆపరేషన్ చేసినా చూపు ఎంత నిలుస్తుందో చెప్పలేనన్నాడు.

“దేవుని బొమ్మ మింద చెక్కినోళ్ళ పేరు చెక్కగూడదు టీచరమ్మా. అది మా ఆచారం,” అంది గురవమ్మ. “ఏ ఊరికి పోయినా నా చేతి కండ్లు నన్నే చూస్తాయి. నేను చెక్కినానని ఎవురికీ తెల్దు. నాకు చదువు రాదు, పేరు రాసినా చదవలేను. ఉలి పట్టుకున్న నా మొగం ఒక్కసారి చూసుకోవాల. చూపు పోకముందే.”

ఆ మాట లూదియాకు గుండెల్లో గుచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది: సంజీవయ్య బీరువాలో ఒక ఫోటో ఉంది. ఒకామె రాతి అమ్మవారి కంటి దగ్గర ఉలి ఆనించి, సుత్తి ఎత్తి, ఎవరినో చూసి నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు గురవమ్మదే.

మంచి పనికి అనుమతెందుకులే అనుకుంది టీచరు. ఆదివారం అద్దంలోంచే సెల్లుతో ఫోటో తీసి, మేడెక్కి వ్యాసంలో పెట్టింది. తెర మీదికి వచ్చేసరికి గురవమ్మ వీపు తిప్పి ఉంది. మేడ దిగి చూస్తే బీరువాలో ఉన్నదీ అంతే. చీర కొంగు, సిగముడి, ఎత్తిన మోచెయ్యి, అంతే. సాయంత్రానికి విజ్ఞానసర్వస్వం నిర్వాహకుడొకరు చర్చాపేజీలో ఇలా రాశారు: ‘బొమ్మ వీపు వైపు ఉంది, పరవాలేదు. లైసెన్సు మాత్రం లేదు. ఏడు రోజుల్లో హక్కుదారు అనుమతి చూపకపోతే బొమ్మనూ, గురవమ్మ గురించిన వాక్యాన్నీ తొలగిస్తాం.’

సోమవారం లూదియా సగం రోజు సెలవు పెట్టి స్టూడియోకి వచ్చింది. సంజీవయ్య అప్పుడే నిద్ర లేచి మొహం కడుక్కుంటున్నాడు.

“ఫ్రీగా ఇయ్యమంటారు, అంతేనా?” అన్నాడు విషయమంతా విని.

“ఒక్కసారి ఇస్తే ఎవరైనా వాడుకోవచ్చు సార్. పుస్తకంలో వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ తీసినవాళ్ళ పేరు వేసి తీరాలి.”

“పేరేస్తారా?”

“వేస్తారు.”

“ఎంత లావుగా?”

లూదియా వేళ్ళతో చూపించింది. ఆయనకు చిన్నదనిపించింది గానీ, ప్రపంచమంతా చూస్తుందన్నాక ఒప్పుకున్నాడు. అదే సాయంత్రం మేడెక్కి, జీవితంలో మొదటి మెయిలు పెట్టించాడు. ‘నేను, నంద్యాల వాస్తవ్యుడైన సంజీవయ్య, ఈ ఫోటోను నా స్వహస్తాలతో తీసితిని, దీనిని లోకానికి సంతోషముగా వదులుతున్నాను’ అని చెప్తుంటే లూదియా టైపు చేసింది. ఇద్దరూ తెర వంక చూశారు.

వీపు.

“మిషను నిదానంగా పోతాంటాది లే,” అని సర్దిచెప్పుకున్నాడు సంజీవయ్య. బుధవారానికి నిర్వాహకుడి జవాబు వచ్చింది: ‘మెయిలు అందింది, ధన్యవాదాలు. బొమ్మ ఇంకా తిరగలేదు. హక్కుదారు ఎవరో మరోసారి సరిచూడండి.’

సంజీవయ్యకు తల కొట్టేసినట్టయింది. “నా ఫోటోకి నేను గాక ఇంకెవురప్పా హక్కుదారు?” అని రోజంతా ఎదురుపడ్డవాళ్ళనల్లా అడిగాడు. గురువారం పంతం పట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఫోటోలో మనిషికి ఏదైనా అలకేమో అడిగి తేల్చుకుందామని.

“గురవమ్మా, నా మింద కోపమా?”

“నీ మింద నాకేం కోపమప్పా?” అంది గురవమ్మ, కళ్ళు చిట్లించి ఎవరొచ్చారో చూస్తూ. “నా మొగం ఎవురన్నా చూసుకోనీ అని ఎప్పుడో చెప్పినా. బేగా చూపించండి, నాకు కండ్లు మసకైతాండాయి.”

ఆమె వేలిముద్ర వేసిన కాగితం కూడా పంపారు. వీపే. ఫోటోలో అమ్మవారు కూడా ఉంది కదా, ఆమె అనుమతి కావాలేమోనని శనివారం సంజీవయ్య ఆ విగ్రహం ఉన్న గుడికి పోయి టెంకాయ కొట్టి వచ్చాడు. అది సరిగ్గా రెండు చిప్పలుగా పగిలింది. అమ్మవారికి అభ్యంతరం లేదని తేలింది. గురవమ్మ మాత్రం తిరగలేదు.

ఆదివారం ఏడో రోజు. ప్రార్థన కూడా మానుకుని వచ్చిన లూదియా, సంజీవయ్య పొద్దుట్నుంచీ నెట్ సెంటర్లోనే ఉన్నారు. ఒంటిగంట దాటినా మొగుడు అన్నానికి దిగి రాకపోయేసరికి, యశోదమ్మ క్యారియరు పట్టుకుని మేడెక్కింది.

“ఏందయ్యా, అన్నం మానేసి ఆ ఈపునే చూస్తాండావ్?”

“ఈ పొద్దుతో తీసేస్తారంట. ఆ ముసలామెకి మాట ఇచ్చినాం,” అన్నాడు సంజీవయ్య. ఆయన గొంతు నిజంగానే దిగులుగా ఉంది.

లూదియా అనుమతి పత్రాన్ని పదోసారి మొదట్నుంచీ పైకి చదవసాగింది. “‘ఫోటో మీద హక్కు సాధారణంగా ఫోటో తీసినవారిది. ఫోటోలో ఉన్నవారిది కాదు. కెమెరా ఎవరిదన్నదీ లెక్కలోకి రాదు. మీట నొక్కిన వ్యక్తి...’”

క్యారియరు గిన్నె ఒకటి టపీమని కిందపడింది. పప్పు బండలపాలైంది. యశోదమ్మ దాన్ని తుడవడానికి వంగలేదు, అలాగే నిలబడింది.

“ఎవురు నొక్కినారనేదా లెక్క?” అంది.

“అవునమ్మా.”

“అయితే అది నేను నొక్కిందే.”

సంజీవయ్య కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

“తొంభై ఆరులో శిల్పశాలోళ్ళు బొమ్మలకి ఫోటోలు తీయమంటే ఇద్దరం పోయినాం గదా,” అంది యశోదమ్మ. “బస్టాండులో నువ్వు పద్నాలుగు మిరపకాయ బజ్జీలు తింటివి. ఆడ బొమ్మలన్నీ తీసినాక చెంబు తీసుకుని గోడ అవతలికి పోతివి, ఎంతకీ రాకపోతివి. ముప్పై ఆరు ఫోటోల రీలు అయిపోయింది. చివర్న ఒక్కటి ఎక్కువొస్తాది గదా ఒక్కోసారి, అది మిగిలింది. ఆయమ్మ ఒక్కతే కూసోని కండ్లు చెక్కుతాంది. బాగుందని కెమెరా ఎత్తినా. నన్ను చూసి నవ్వింది. నొక్కినా.”

“నాకెందుకు చెప్పల్యా?”

“కడిగి ఆరేస్తే, ‘అబ్బా, ఎంత బాగా తీసినానో సూడు’ అని నువ్వే అంటివి. నీ మొగంలో ఆ సంతోషం చూసి ఊరికే ఉన్నా. ముద్ర కూడా నేనే గుద్దినా.”

పన్నెండేళ్ళుగా బీరువా ముందు ఆగినవాళ్ళందరూ మొదట మెచ్చుకునేది ఆ ఫోటోనే. ఆ మెప్పంతా ఆయన టీ తాగినంత సులువుగా తాగేశాడు. సంజీవయ్యకు సిగ్గేసింది. మామూలుగా అయితే సిగ్గేసినప్పుడు ఆయనకు కోపం వస్తుంది. ఆ రోజు ఎందుకో రాలేదు. లేచి కుర్చీని భార్య వైపు జరిపాడు.

“కూసో. మెయిలు పెట్టు.”

“నాకేం తెలుసు మెయిలు?”

“నాకు మాత్రం తెలుసా? టీచరమ్మ ఉంది గదా.”

లూదియా అక్షరాలు చూపిస్తుంటే యశోదమ్మ ఒక్కో మీటా ఒక వేలితో నొక్కింది. ‘ఈ ఫోటో నేను తీసినాను. అందరూ చూడండి. యశోదమ్మ.’ అంతకుమించి చెప్పాల్సింది ఆమెకు తోచలేదు. ఎన్నో ముద్రలు గుద్దిన చెయ్యి తన పేరు పూర్తి చేయడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది.

మెయిలు పోయింది. తెర మీద సిగముడి మెల్లగా కదిలింది. గురవమ్మ ముందు భుజం తిప్పి, తర్వాత మొహం తిప్పి, కనురెప్పల మీద రాతిపొడితో, కెమెరా వెనకున్న మనిషిని చూసి నవ్వింది. నిర్వాహకుడు చర్చాపేజీలో ‘సరిపోయింది’ అని ఒక్క ముక్క రాసి, వాక్యం పక్కనున్న గుర్తు తీసేశాడు.

మర్నాడు రాజశేఖరే గురవమ్మను చెయ్యి పట్టుకుని మేడెక్కించాడు. గురవమ్మ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుని చాలాసేపు చూసుకుంది. తెర మీది ఉలిని వేలితో తడిమింది, తర్వాత తన చెంపను.

“నేనే,” అంది. కళ్ళు తుడుచుకుని, “కింద తీసినామె పేరు ఏసినారా?” అని అడిగింది.

“వేశారమ్మా,” అంది లూదియా.

“అట్లయితే మంచిది. మాకంటే ఆచారం, చెక్కగూడదు. ఆయమ్మకేం అడ్డం?”

రాజశేఖర్ తెర మీది ఉలి వంకే చూస్తూ, “పిన్నమ్మా, కొత్త విగ్రహానికి కండ్లు నువ్వే చెక్కాల. ఆపరేషన్ అయినాకనే పెట్టుకుందాం,” అన్నాడు.

మంగళవారం పొద్దున సంజీవయ్య బీరువా తుడవబోయి ఆగిపోయాడు. అద్దం వెనక సగం ఫోటోలు వీపు తిప్పి ఉన్నాయి. బారసాల పిల్లాడు, పదో తరగతి ఆడపిల్లలు, కొత్త దంపతులు, పోలీసు దుస్తుల్లో ఒక కానిస్టేబులు.

“యశోదా, ఇవి కూడానా?”

“నువ్వు నిద్దరపోయేటప్పుడు వచ్చినోళ్ళు,” అంది ఆమె లోపల్నుంచి. “రెండు గంటలు కూసోబెట్టేదానికి అవుతాదా? తీసి పంపిస్తాంటి.”

“ఇన్నేళ్ళూ ముందుకే ఉండె గదా?”

“నా పేరు నాకే పట్టల్యా ఇన్నేళ్ళు. వాటికేం పడతాది?”

సంజీవయ్య టీ కూడా తాగకుండా ముద్రలు చేసే దుకాణానికి పోయి, ‘ఫోటో: యశోదమ్మ’ అని కొత్త ముద్ర చేయించుకొచ్చాడు. ఫోటోలు ఒక్కొక్కటే తీసి, పాత ముద్ర మీద అడ్డగీత కొట్టి, కొత్తది తనే గుద్దాడు. మొదటిది వంకర పోయింది. గుద్దినవి గుద్దినట్టే ఇటు తిరిగాయి. ఒంటిగంటయ్యేసరికి బీరువా నిండా మొహాలు.

అన్నం తిన్నాడు. రెండు గంటలకు అలవాటుగా మంచమెక్కాడు గానీ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నిద్ర రాలేదు. అప్పుడే ముందు గదిలో ఎవరో వచ్చిన అలికిడి.

“ఫోటో కావాలమ్మా. సార్ ఉన్నాడా?”

లేచి పోదామని సంజీవయ్య కాళ్ళు కింద పెట్టాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. మళ్ళీ కాళ్ళు పైకి లాక్కుని, గోడ వైపు తిరిగి, వీధికి వినపడేలా గురక మొదలుపెట్టాడు.