మూత మరిదిగారి రెండు కెమెరాలు

అక్క సంచి అడుగున చెల్లెలు మందుల డబ్బా పెట్టింది. దాని మీద ఉన్ని శాలువా, శాలువా మీద రెండు జతల బట్టలు, పక్కగా కాగితంలో చుట్టిన చెప్పులు. అన్నీ సర్దాక చెల్లెలు ఒకసారి అటూ ఇటూ చూసి, తన కుట్టుకత్తెర తీసి శాలువా మడతలోకి తోసింది.

“ఏమే, ఏం దూరుస్తున్నావ్ అందులో?”

అక్క గుమ్మంలోనే నిలబడి తల తుడుచుకుంటోంది.

“ఏం లేదక్కా.”

“పోయినసారి గరిటె. అంతకుముందు గొడుగు. నీ సామానుతో నా ఇంట్లో ఒక అలమర నిండిపోయింది. ఈసారి ఏమిటి, కుట్టుమిషనా?”

“కత్తెరే,” అంది చెల్లెలు, దొరికిపోయిన పిల్లలా.

ఆమె నమ్మకం అది. మన వస్తువు ఒకటి వెంట ఉంటే, అది తిరిగి ఇవ్వడానికైనా మనిషి రావాలి కదా! అక్క ఇంతవరకూ ఒక్క వస్తువూ తిరిగి తెచ్చిన పాపాన పోలేదు. కానీ మనిషి వస్తోంది. నమ్మకం నిలవడానికి చెల్లెలికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అక్కకు డెబ్బై నిండాయి. మోకాలు మొరాయిస్తోంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. అక్క వెళ్లే ప్రతిసారీ ‘ఇదే ఆఖరేమో’ అంటుంది చెల్లెలు. నలభై ఏళ్లుగా అలాగే అంటోంది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఈసారి మాత్రం ఆమె ఒకటి గట్టిగా అనుకుంది. బస్సు కదిలేలోగా అక్కా తనూ పక్కపక్కన కూర్చుని నవ్వుతున్న ఫొటో ఒకటి ఉండాలి.

అలాంటిది ఒక్కటి కూడా లేకపోవడానికి కారణం ఆమె భర్తే. నలభై ఏళ్ల కిందట అక్క నర్సు ఉద్యోగానికి మొదటిసారి రైలెక్కుతుంటే, కొత్త పెళ్లికొడుకు హోదాలో ఆయన కెమెరా మెళ్లో వేసుకుని స్టేషనుకు వచ్చాడు. అక్కాచెల్లెళ్లు ఏడుస్తూ నవ్వుతూ ఉంటే రీలు రీలంతా తీశాడు. కడిగిస్తే ఫిలిం నీళ్లలా తేటగా వచ్చింది. లెన్సు మీద మూత తీయలేదు! అది రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో లెన్సు గుండా చూడరు, పైనున్న చిన్న కిటికీ గుండా చూస్తారు. లెన్సుకు మూత ఉన్నా కిటికీలో లోకమంతా చక్కగా కనిపిస్తుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన మూత పెట్టుకుని ఫొటోలు తీశాడు. ఆ రోజు నుంచి అక్క నోట ఆయన పేరు మూత మరిది. ఆ రోజు నుంచే అక్క కెమెరా చూస్తే చాలు కర్ర మింగినట్టు బిగుసుకుపోతుంది. “నవ్వి లాభమేముంది, మూత నవ్వుతుంది గానీ!” అంటుంది.

అలాంటి అక్క ఈసారి తనంతట తానే కెమెరా అడిగింది.

“నా చేతుల మీద పుట్టినవాళ్లందరినీ వెతికి ఫొటోలు తీయాలని ఉంది, మరిదిగారూ. పుట్టినప్పుడు అందరూ ఒకేలా ఉన్నారు, ఎర్రగా, అరుస్తూ. ఇప్పుడెలా తయారయ్యారో చూడొద్దూ? మీ దగ్గర రెండున్నాయిగా, ఒకటి ఇవ్వండి.”

గడియారాలు బాగుచేసే ఆయనకు ఇంతకన్నా పండగేముంది? బల్ల మీది స్ప్రింగులూ ముళ్లూ ఒక పక్కకు నెట్టి, ఉతికిన గుడ్డ పరిచి, రెండు కెమెరాలూ పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు పక్కపక్కన పెట్టాడు. రెంటిలోనూ ఫిలిం ఎక్కించాడు.

పాతది స్టేషనుకు వచ్చినదే. అంచుల్లో నలుపు అరిగి ఇత్తడి బయటపడింది. కొత్తదని పేరే గానీ రెండోదానికీ పదేళ్లు. కాకపోతే అందులో వెలుతురు కొలిచే పరికరం ఉంది.

“ముందు దీంట్లో చూడండి వదినా,” అని పాతదే చేతికిచ్చాడు. “రెండు కంతలు. ఒకదాంట్లో దూరం కుదుర్చుకోవాలి, రెండోదాంట్లో బొమ్మ చూసుకోవాలి.”

అక్క కళ్లజోడు పైకి నెట్టి మొదటి కంతలో కన్ను పెట్టింది. చెల్లెలి వైపు తిప్పింది. “అయ్యో, ఇద్దరు కనిపిస్తున్నారు! ఒక్కదాన్నే వేగలేక చస్తుంటే ఇద్దరా!”

“లెన్సు తిప్పండి, ఇద్దరూ ఒకటవుతారు.”

“ఒకటయ్యారు. హమ్మయ్య, బతికాను.”

“ఇందులో బ్యాటరీ లేదు, దీపం లేదు. మీ మనవలు కూడా వాడొచ్చు.”

“ఆయనకు తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు,” అంది చెల్లెలు. “కొత్తది తీసుకో అక్కా. ఒకటే కిటికీ, కళ్లజోడు తీయక్కర్లేదు. పైగా మూత తీయకపోతే లోపల ఎర్రదీపం వెలుగుతుంది. ఈ ఇంట్లో ఆ ఒక్క సుగుణం చూసే కొనిపించాను.”

“కొత్త ఒక వింత, పాత ఒక రోత,” అని ఆయన పాతదాని మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. ఏది కావాలంటే అది ఇస్తానన్నాడు గానీ, అక్క చెయ్యి పాతదాని వైపు వెళ్లినప్పుడల్లా ఆయన గుటక మింగడం చెల్లెలు కనిపెడుతూనే ఉంది.

అక్క కొత్తది మెళ్లో వేసుకుని, మూత తీసి, ఆయన వైపే గురిపెట్టింది. “ఇదేమిటి, తెల్లగీతల బయట కూడా అన్నీ కనిపిస్తున్నాయి?”

“ఫొటోలో పడేది గీతల లోపలిదే. బయటిది ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో చూసుకోవడానికి.”

పోతున్నారో అన్న మాట వినేసరికి చెల్లెలికి గడియారం గుర్తొచ్చింది. ఆ ఇంట్లో గోడ నిండా గడియారాలే. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నా, అన్నీ కలిసి తననే తరుముతున్నట్టు అనిపించింది.

“ఏమండీ, బేరాలు తర్వాత. ముందు మా ఇద్దరికీ ఒక ఫొటో తీయండి. వరండాలో వెలుతురుంది.”

ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అక్క మెళ్లో కొత్త కెమెరా వేలాడుతూనే ఉంది. కూర్చోగానే వెన్ను నిటారుగా, మూతి బిగువుగా, పాస్‌పోర్టు ముఖం పెట్టేసింది. చెల్లెలి ప్రాణం ఉసూరుమంది. “కాస్త నవ్వవే అక్కా.” “నవ్వుతున్నానుగా.” “ఎక్కడ?” “లోపల.”

ఆయన పాతది కంటికి పెట్టుకుని ముందుకూ వెనక్కీ జరుగుతున్నాడు. “దూరం కుదిరింది... వెలుతురు బ్రహ్మాండం... కెమెరా అంటే ఇదీ, వదినా. చూసే కన్ను ఉండాలి గానీ...”

అక్క మోచేత్తో చెల్లెల్ని పొడిచింది. చెల్లెలు చూసింది. ఆయన కళ్లెదుటి కిటికీకి కింద, లెన్సు మీద, నల్లగా, గుండ్రంగా, నలభై ఏళ్లనాటి అదే మూత!

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతే. అక్క గొంతులోంచి ముందు పిల్లికూత లాంటిది వచ్చింది. తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. చెప్దామంటే మాట రాదు. చెల్లెలు చెయ్యి చాపి మూత వైపు చూపించింది.

“అదీ! అలాగే! చెయ్యి కూడా బావుంది!” అంటూ ఆయన క్లిక్‌మనిపించాడు. పిడి తిప్పి మళ్లీ క్లిక్.

అక్క కళ్లనీళ్లు పెట్టుకుని కడుపు పట్టుకుంది. “మరిదీ... ఓ మూత మరిదీ...”

ఆ పేరు చెవిన పడ్డాక ఆయన కెమెరా దించి చూసుకున్నాడు. మూత ఊడదీసి రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. ఒక్క క్షణం ముఖం మాడింది. మరుక్షణం నోరంతా తెరిచి, భుజాలు అదిరేలా, తన మీద తనే నవ్వుకున్నాడు. అక్క ఏమనుకుందో ఏమో, మెళ్లోని కొత్త కెమెరా ఎత్తి టక్కున ఆయన్ని తీసేసింది.

“ఎర్రదీపం వెలగలేదు!” అని ప్రకటించింది.

“ఇప్పుడు నేను!” అని ఆయన మూత లేని పాతదానితో వాళ్ల మీద పడ్డాడు. ఇక అక్క బిగుసుకోవాలనుకున్నా బిగుసుకోలేకపోయింది. నవ్వు ఆగితేగా!

ఆ నవ్వు సద్దుమణిగాక అక్క కళ్లు తుడుచుకుని, “నాకు పాతదే కావాలి,” అంది.

ఆయన గుటక మింగాడు. “కొత్తదైతే తప్పు చేస్తే చెబుతుంది వదినా...”

“తప్పు ఎత్తిచూపడానికి నాకు చెల్లెలుంది, ఇంకో దీపమెందుకు? నలభై ఏళ్లలో నన్ను ఇలా నవ్వించింది ఇదొక్కటే.”

చెల్లెలి బుర్ర అప్పుడు చురుగ్గా పనిచేసింది. తమ నవ్వు ఆ పాతదాంట్లోనే ఉంది. రీలు సగమే అయింది. మిగతా సగం అక్క పూర్తిచేసి, కడిగించి, ఆ ఫొటో పట్టుకుని రావాలి. గరిటె తేకపోతే పోయె, ఇది తేక చస్తుందా!

“పాతదే తీసుకో అక్కా,” అంది వెంటనే.

“పొద్దున్నించీ కొత్తది కొత్తదని చెవి కొరికావుగా!”

“మనసు మారింది.”

ఆయన ఇద్దర్నీ చూశాడు, సంచి చూశాడు, భార్య ఎత్తు అర్థమైనట్టు మీసంలో నవ్వుకున్నాడు. పాతదాన్ని గుడ్డలో చుట్టబోయాడు. “ఆగండి,” అని చెల్లెలు ఎర్రదారం తెచ్చి మూతకు జానెడు తోక కట్టి, రెండో కొస కెమెరా నెత్తిన ముడేసింది, మూత ఉంటే ఆ తోక కిటికీకి అడ్డంగా ఉండేలా. “ఇదీ నా ఎర్రదీపం. బ్యాటరీ అక్కర్లేదు.”

“ఈ బుద్ధి నలభై ఏళ్ల కిందట ఏమైందే?” అన్నాడు ఆయన.

బస్సు దగ్గర అక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే చెల్లెలి కళ్లు మామూలుగానే నిండాయి. ఆయన కొత్త కెమెరా ఆమె కంటికి పెట్టాడు. “చూడు.” తెల్లగీతల మధ్య అక్క ముఖం, ఊపుతున్న చెయ్యి. బస్సు జరిగింది. అక్క గీత దాటింది.

“దాటినా కనిపిస్తోందండీ!”

“కనిపిస్తుంది మరి.”

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె కెమెరా దించలేదు.

అక్క వానలు తగ్గగానే మళ్లీ వచ్చింది. తన చేతుల మీద పుట్టిన బట్టతల పోలీసునూ, కవలలైన ఇద్దరు పంతులమ్మలనూ, ఇంకా ఎందరినో ఫొటోల్లో తెచ్చి బల్ల నిండా పరిచింది. అన్నిటికన్నా పైన అక్కాచెల్లెళ్లు బెంచీ మీద విరగబడి నవ్వుతున్న ఫొటో. కత్తెర మాత్రం తేలేదు. ఆ ఫొటోను గడియారాల మధ్య తగిలించారు. దాని పక్కనే, రెండు వేళ్ల మధ్య మూత పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతున్న ఆయన ఫొటో. వెళ్లేటప్పుడు చెల్లెలు సంచిలో చెంచా పెట్టింది. అక్క ఆ తర్వాత కూడా ఏటా వస్తూనే ఉంది.

ఆయన మాత్రం, ఆ ఫొటోలు తగిలించిన మరుసటి ఏడు జనవరిలో, ఒక మంగళవారం పొద్దున, కళ్లజోడు బాగుచేయించుకుని ఇప్పుడే వస్తానని వెళ్లి, వీధి మలుపులో గుండె ఆగి పోయాడు. ఇప్పుడే వచ్చే మనిషే కదా అని ఆమె ఆయన వెంట ఏ వస్తువూ పెట్టలేదు. తిరిగి రాలేదు.