నైట్‌షిఫ్టు వారంలో బడి

భూపాల్ కూతుర్ని బడి మాన్పించలేదు. కాలనీలో అందరూ మాన్పించాడనే అనుకున్నారు కాబట్టి ఈ ముక్క ముందే చెప్పుకోవాలి. కరోనాకు బళ్లు మూసినప్పుడు అందరి పిల్లల్లాగే జమున కూడా ఇంట్లో కూర్చుంది. బళ్లు తెరిచాక అందరూ పోయారు, జమున పోలేదు. మధ్యలో జరిగింది ఒక్కటే, కరోనా రెండోసారి వచ్చినప్పుడు వాళ్లమ్మ సంతోషి చనిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం వండాలన్న మాట వచ్చింది, డ్యూటీకి పోవాలన్న మాట వచ్చింది. పిల్ల బడికి పోవాలన్న మాట మాత్రం ఎవరి నోటికీ రాలేదు.

సంతోషి పోయినప్పుడు కమాన్‌పూర్ చుట్టాలు ఇంటికి రాలేక ఫోన్లలోనే మంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చారు. భూపాల్ ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరు మెచ్చుకున్నారు, పెళ్లాం మీద ప్రేమ ఉంటేగా అని కొందరు తేల్చేశారు. రెండూ కాదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, అతనికి ఒళ్లంతా అలా ఉంది. కొరుక్కున్నా తెలియదు.

గోదావరిఖనిలో ఒక భూగర్భ బొగ్గు గనిలో, అక్కడివాళ్ల మాటలో బాయిలో, అతను పంపు ఆపరేటరు. బాయిలో నీళ్లు ఊరడం ఆగదు కాబట్టి మూడు షిఫ్టులూ పంపు నడవాల్సిందే. వారానికో షిఫ్టు మారుతుంది, దాంతోపాటు ఇల్లూ మారుతుంది. మొదటి షిఫ్టు వారం జమునకు తండ్రి ఇంట్లో చెప్పే పాఠాలు సాయంత్రం. రెండో షిఫ్టు వారం పొద్దున. నైట్‌షిఫ్టు వారం పాఠాల్లేవు. ఆ వారం రాత్రుళ్లు పిల్ల పక్క క్వార్టర్‌లో సారవ్వ దగ్గర పడుకుంటుంది, తండ్రి తెల్లవారి వచ్చి ఇంత తిని నిద్రపోతాడు. నైట్‌షిఫ్టు మనిషి పడుకున్న ఇంట్లో కుక్కర్ కూడా కూయకూడదు. బొగ్గుబాయి కాలనీ పిల్లలకు ఈ బుద్ధి ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. కాబట్టి ఆ వారం జమునకు సెలవు అని భూపాల్ లెక్క.

ఐటీఐ చదివినవాడు, లెక్కలు బాగానే చెప్పేవాడు. తెలుగు పద్యం వస్తే మాత్రం తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

బడికి పోని పిల్లలెవరో తెలుసుకోవడానికి కాలనీ వెనకున్న సర్కారు ప్రైమరీ బడి పెద్ద టీచరు శోభ ఇంటింటికీ తిరిగింది. ఆమె ఈ ఇంటికి వచ్చింది సరిగ్గా నైట్‌షిఫ్టు వారంలో, పట్టపగలు. తలుపు కొడితే ఒక పిల్ల సందులోంచి తొంగి చూసి, పెదాల మీద వేలు పెట్టి, మళ్లీ తలుపు మూసేసింది. పక్కింటి సారవ్వ బయటికి వచ్చింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. నైట్‌షిఫ్టు."

"పిల్ల బడికి పోదా అవ్వా?"

"పోదు. బాపే చెప్తడు ఇంట్ల. ఈ వారమైతే అది సుత లేదు. ఊరందరిదొక తొవ్వ, ఉలిపికట్టెదొక తొవ్వ."

శోభ బడి బయట పిల్ల అని రాసుకుని పోయింది. ఆమెను తప్పుపట్టడానికేం లేదు. ఆమెకు కనిపించింది మూసిన తలుపే కదా. అయినా మనసొప్పక కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి రెండో షిఫ్టు వారం. పొద్దున్నే తండ్రీ కూతుళ్లు నేల మీద కూర్చుని భాగహారాలు చేస్తున్నారు.

"బడి బయట పిల్ల అని రాసిన అన్నా. ఈడ సూస్తే ఇంట్లనే బడి నడుస్తున్నది," అంది శోభ.

"తప్పా మేడం?"

"తప్పని ఎవలు చెప్పరు, ఒప్పని ఎవలు రాసియ్యరు. బడిలున్న పిల్ల, బడి బయట పిల్ల, మా దగ్గర ఈ రెండే ఉన్నయి. ఇంట్ల సదివే పిల్లను యాడ రాయాలె?"

శోభ తన అవసరం కూడా దాచుకోలేదు.

"నాకు సుత పిల్లలు కావాలె. ఇంకింత మంది తగ్గితే మా బడిని ఇంకోదాంట్ల కలుపుతరేమో అని ఫికర్. పాప పేరు రాసుకుంట, పుస్తకాలిస్త. పరీక్షలకు పంపు, మెల్లమెల్లగ రోజూ పంపుదువు. కానీ రాని పిల్లను వచ్చినట్టు మాత్రం రాయ. నా నౌకరి పోతది."

భూపాల్ ఒప్పుకున్నాడు. గని మనిషి కదా, హాజరు మస్టర్‌లో పేరుంటే మిగతాదంతా నడిచిపోతుందని అతని నమ్మకం. పేరు ఎక్కింది, ఇక ఫికర్ లేదనుకున్నాడు. శోభ చెప్పిన చివరి మాట అతని చెవికి ఎక్కనేలేదు.

శనివారం శనివారం బడికి పోయి, వారంలో చెప్పిన పాఠాలేమిటో అడిగి వచ్చేవాడు. పరీక్ష రోజున పిల్లను తీసుకుపోయి, అది బయటికి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడేవాడు. "అయిపోయింది" అనేది జమున. "మంచిది" అనేవాడు. మార్కులు బాగానే వచ్చేవి. సంతోషం కలగాలి కదా అని ఒకసారి తనలో వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు, అన్నం పెట్టుకుని తిన్నాడు.

అట్లా జమున అయిదో తరగతి సగం దాటాక శోభ ఫోన్ చేసింది. బడికి రాని పేర్లను తేల్చడానికి మండల విద్యాధికారి జగదీశ్వర్ వస్తున్నాడు.

"పాపను తీస్కొని రా అన్నా. రోజూ పంపాలె, లేకుంటే పేరు తీసేస్త అని సారంటే నేనేం చెయ్యలేను. పేరు పోతే ఆరో తరగతికి మళ్ల మొదటికొస్తది."

భూపాల్ జవాబులు సిద్ధం చేసుకున్నాడు. టిప్పర్లు తిరిగే రోడ్డు, బొగ్గు దుమ్ము, ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్. నిజానికి ఆ బడికి పోయే సందులో టిప్పరు కాదు కదా, ట్రాలీ ఆటో పట్టడమే కష్టం. అసలు కారణం అతను తనకు తానే చెప్పుకోలేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ తలుపు తీయడానికి ఒక మనిషి ఉండాలి. ఖాళీ ఇంటికి తాళం తీసి లోపలికి పోవడం తన వల్ల కాదు. పిల్లకు చదువు చెబుతున్నాననే పేరు మీద పిల్లను ఇంట్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు బడిలో జగదీశ్వర్ జమున చేత తెలుగు చదివించాడు, ఇంగ్లీషు చదివించాడు, లెక్కలిచ్చాడు. అన్నీ చేసింది. తర్వాత భూపాల్‌ను కాసేపు బయట ఉండమన్నాడు. అతను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"బడి ఇష్టం లేదా బిడ్డా?"

"ఇష్టమే సార్."

"మరి రోజూ ఎందుకొస్తలేవు?"

"వేరే వారాలు రావచ్చు. నైట్‌షిఫ్టు వారం రారాదు."

"ఆ వారం మీ బాపు సదువు సుత చెప్పడట గద. ఏం చేస్తవు మరి?"

"బాపు పక్కన కూసుంట."

"బాపు నిద్రపోతడు గద."

"గందుకే." తర్వాత జమున పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. "అమ్మ సుత పగటి పూటనే పండుకున్నది. బాపు మందులకు పోయిండు. అమ్మను సూస్తుండు బిడ్డా అని నాకు చెప్పిండు. నేను ఆడుకుంట కూసున్న. అమ్మ పండుకున్నదనే అనుకున్న సార్. ఇప్పుడు బాపు పండుకుంటే ముక్కు కాడ వేలు పెట్టి సూస్త. ఊపిరొస్తే మళ్ల కూసుంట. కొంచెంసేపైనంక మళ్ల సూస్త."

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది.

సూస్తుండు బిడ్డా అని తాను అన్నాడా? అనే ఉంటాడు. చెప్పులు వేసుకుంటూ, ఎవరైనా అనే మాటే. ఏడేళ్ల పిల్లకు డ్యూటీ వేసి పోయానని అతనికి ఆ రోజు తెలియలేదు, ఇన్నాళ్లూ తెలియలేదు. నైట్‌షిఫ్టు వారం దానికి సెలవు అనుకున్నాడు. దానికి ఆ వారమంతా డ్యూటీయే, తర్వాతి షిఫ్టు వచ్చి దింపేవాళ్లు లేని డ్యూటీ. భూపాల్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. రొమ్ములో నొప్పి పుట్టింది. సంతోషి పోయాక అతనికి నొప్పి తెలియడం అదే మొదలు.

జగదీశ్వర్ బయటికి వచ్చాడు, వెనకే జమున. ముందున్న గట్టి గొంతు ఇప్పుడు లేదు.

"సదువుల వంక పెట్టేది లేదు. పేరు తీసెయ్య. ఇట్లనే ఇంట్ల చెప్పుకో, పరీక్షలకు పంపు. నేను రాసుకుంట."

వచ్చిన పని నెగ్గింది. అయినా భూపాల్ జమున వైపు చూస్తూ, "రేపటిసంది రోజూ వస్తది సార్," అన్నాడు.

"నైట్‌షిఫ్టు వారం?" అంది జమున.

"ఆ వారం సుత."

జమున ఎదురు మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడేది కాదు, దాన్నే అతను బుద్ధిమంతురాలి లక్షణం అనుకుంటూ వచ్చాడు. ఆ పిల్ల ముఖంలో ఉన్నది భయమని ఇప్పుడు కనిపించింది.

మొదటి వారాలు బాగానే గడిచాయి. నైట్‌షిఫ్టు వారం రానే వచ్చింది. భూపాల్ బాయి నుంచి వచ్చేసరికి జమున యూనిఫాం వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉంది. లేవలేదు.

"సారవ్వ వచ్చి సూస్తది బిడ్డా."

"సారవ్వకు కండ్లు సరిగ కనవడయి."

అది నిజమే. భూపాల్ కాసేపు ఆలోచించాడు.

"అన్నం బెల్లు కొట్టినంక నువ్వే వచ్చి సూసి పో. టీచరమ్మకు నేను చెప్త. బయటికెల్లి గొళ్లెం పెట్టుకొని పో."

ఈ బేరం జమునకు కుదిరింది. శోభకూ కుదిరింది, గేటు దాకా తానే వచ్చి పంపుతానంది.

గొళ్లెం పడ్డాక భూపాల్ పడుకున్నాడు. రాత్రంతా పంపు దగ్గర కూర్చున్న ఒళ్లు, కన్ను మూతపడాలి. పడలేదు. ఆ ఇంట్లో అతను ఒంటరిగా పడుకోవడం అదే మొదటిసారి. నొప్పి అలాగే ఉంది. సంతోషి కట్టుకునే చీరల రంగులు గుర్తొచ్చాయి, అన్నం పెడుతూ ఆమె గొణిగే గొణుగుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం దాకా ఇంటి కప్పు చూస్తూనే ఉన్నాడు.

మెల్లగా గొళ్లెం తీసిన చప్పుడైంది. చెప్పులు బయటే విడిచినట్టుంది, అడుగుల సడి లేదు. కళ్లు తెరిచి ఉంటే నిద్ర పట్టలేదా బాపూ అంటుంది, ఇక్కడే కూర్చుండిపోతుంది. భూపాల్ కళ్లు మూసుకున్నాడు.

చెయ్యి దగ్గరికి వచ్చింది. బడిలో పెట్టిన పప్పు వాసన. వేలు ముక్కు కింద ఆగింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది, ఏడుపొస్తే ఊపిరి తడబడుతుంది. గట్టిగా బిగబట్టి, నిండా ఒక ఊపిరి తీసి వదిలాడు.

వేలు కదల్లేదు. చాలలేదేమో అనుకుని, ఈసారి కొంచెం గురక కూడా కలిపాడు.

బడి బెల్లు వినిపించింది. వేలు మెల్లగా వెనక్కి పోయింది. గొళ్లెం పడింది, ఆ తర్వాత సందులో బడివైపు పరుగెత్తిన చప్పుడు. అది వినపడనంత దూరం పోయేదాకా భూపాల్ గురక ఆపలేదు.