చంద్రుడి మీద గడకర్ర

పరంజ్యోతి టీచరు ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో ఎర్ర పెన్సిలు లేకుండా గడప దాటింది లేదు. నాయుడుపేటలో సైన్సు చెప్పినన్నాళ్ళూ ఆమె తరగతిలో ఒకే ఒక చట్టం నడిచింది. పక్కపిల్ల జవాబు చూసి రాసినవాళ్ళకు బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. మర్నాడు ప్రార్థన వేళ బడి మొత్తం ముందు నిలబడి, "ఇది నాది కాదు, ఫలానా అమ్మాయిది" అని ఆ అమ్మాయి పేరు పైకి చెప్పాలి. అంతే. దానికి బదులు నాలుగు దెబ్బలు కొట్టండమ్మా అని కాళ్ళావేళ్ళా పడిన పిల్లలున్నారు. మోతుబరి కూతురని ఆమె ఎవరినీ వదలలేదు. దిక్కులేని పిల్ల కదా అనీ వదలలేదు.

అటువంటి మనిషి డెబ్బై ఒకటో ఏట సరిగ్గా ఆ తప్పే చేసింది. చేసినట్టు తెలియడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

ఉద్యోగం ముగిశాక దొరవారిసత్రంలో ఊరి చివర ఇల్లు తీసుకుని, పెరట్లో ఆమె టెలిస్కోపు పెట్టుకుంది. ఆరంగుళాల అద్దం, నడుము దాటే ఎత్తు గొట్టం, అడుగున తిరగలిలా తిరిగే చెక్కపీట. దానికి మోటారు లేదు. చంద్రుణ్ణి దగ్గరగా చూడబోతే అర నిమిషంలో అంచు దాటి జారిపోతాడు. గొట్టాన్ని వేలితో నెట్టుకుంటూ వెంబడించాలి. కంటితో చూడటానికి ఇది పెద్ద చిక్కు కాదు. ఫొటో తీయాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. కన్ను పెట్టే చోట ఫోను బిగించి రెండు నిమిషాల వీడియో తీయాలి. అందులో వేల బొమ్మలుంటాయి. గాలి పొరల్లో చెదిరినవాటిని బియ్యంలో మట్టిగడ్డల్లా ఏరి పారేసి, నిలకడగా ఉన్న కొన్ని వందలను కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చితే, అప్పుడు చంద్రుడి ముఖం తేటపడుతుంది. ఆ రెండు నిమిషాలూ గొట్టం అదరకూడదు. పరంజ్యోతికేమో అరవై ఎనిమిదో ఏట చేతికి వణుకు వచ్చింది. ఆమె తీసిన చంద్రుడు బొక్కెన పడ్డ బావిలోని చంద్రుడిలా ఉండేవాడు.

గంగాభవానిది సరస్సు ఒడ్డు పల్లె. అక్కడి నుంచి సత్రం అంగడికి రొయ్యలూ పీతలూ తెచ్చి అమ్మేది. సాయంత్రం ఖాళీ బుట్టతో తిరిగి పోతూ మంచినీళ్ళకు ఆగేది. మొదటిసారి గొట్టాన్ని చూసిన రోజున, "ఏంది టీచరమ్మా, ఫిరంగి పెట్టుండారు? కొంగల్ని కొడతారా?" అంది.

"నోరు మూసుకుని ఇందులో చూడు," అంది టీచరు.

చూసింది. చంద్రుడు అంచుకు జారుతుంటే, ఎవరూ చెప్పకుండానే గొట్టానికి మూడు వేళ్ళు ఆనించి నెట్టింది. కాస్తయినా అదురు లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?"

"ఇంకెక్కడ? మా నాయన పడవలో ఎనిమిదేళ్ళు గడ వేసినా కదా. మోకాటిలోతు నీళ్ళు. గట్టిగా నెట్టితే గడ బురదలో దిగబడతాది, మెల్లిగా నెట్టితే పడవ కదల్దు. ఇదీ అంతే."

ఆనాటి నుంచి మబ్బు లేని సాయంత్రాలన్నీ ఇద్దరివీ అయ్యాయి.

మాఘమాసం, శుక్లపక్ష నవమి. పొద్దు అప్పుడే కుంకింది. చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. పరంజ్యోతి ఫోను బిగించి తొందరపడుతుంటే గంగ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండమ్మా. సముద్రపు గాలి ఇంకా పోలా, నేల గాలి ఇంకా రాలా. మధ్యలో కాసేపు రెండూ ఉండవు. అప్పుడు మా కాడ నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయి."

ఇద్దరూ మునగచెట్టు చివరి కొమ్మను చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి దాని ఆకు కదలడం మానేసింది.

"ఇప్పుడు," అంది గంగ.

ఆమె మూడు వేళ్ళతో గొట్టాన్ని నడిపినంతసేపూ ఫోను వీడియో తీసింది. అంత తేటగా పరంజ్యోతి చంద్రుణ్ణి ఎన్నడూ చూడలేదు. గుంటల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ఒక మైదానం నడుమ సన్నని నల్లటి గీత, గీటుబద్ద పెట్టి గీసినంత తిన్నగా సాగింది. నూరు కిలోమీటర్లు దాటిన గట్టు అది. ఏటవాలు ఎండలో దాని నీడ అలా పడుతుంది.

"ఎవరో గడకర్ర మరిచిపోయినారే ఆడ," అంది గంగ. "ఇల్లెట్టా చేరినాడో పాపం."

పరంజ్యోతి పైకే నవ్వింది. ఆమె నవ్వు విని పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు.

నెల్లూరులో ఆకాశ పరిశీలకుల సంఘం ఒకటి ప్రదర్శన పెడుతోందని తెలిసి ఆమె ఆ బొమ్మను పంపింది. దరఖాస్తులో ఫొటో తీసినవారి పేరుకు ఒకే ఒక గీత ఉంది. దాని మీద తన పేరు రాసింది. మనసు ఏ మాత్రం తడబడలేదు. టెలిస్కోపు తనది, ఫోను తనది, రెండు రోజులు కూర్చుని పేర్చింది తాను.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. మొదటి బహుమతి, ఆదివారం సన్మానం.

"మన గడకర్రకేనా?" గంగ బుట్ట కింద పడేసి చప్పట్లు కొట్టింది. "అమ్మా, చంద్రుణ్ణి ఫోటో తీసినానని మా రేవులో అందరికీ చెప్పినా. మా ఆడబిడ్డ కామమ్మ ఉండాది చూడండి, 'నువ్వు చంద్రుణ్ణి ఫోటో తీసినావా, నేను సూర్యుణ్ణి పులుసు పెట్టినా' అని ఊరంతా నవ్వించింది. ఆదివారం దాన్ని నెల్లూరికి పిలుచుకొని పోతా. గోడ మీద నా పేరు చూపిస్తా. నాకు నా పేరు చదవను వచ్చు. దానికీ వచ్చు, రేషన్ కార్డులో చూసుండాది."

పరంజ్యోతి అందించిన చెంబులో నీళ్ళు తొణికి గంగ చేతి మీద పడ్డాయి. గంగ అది వణుకే అనుకుంది.

ఆమె వెళ్ళగానే పరంజ్యోతి సంఘం కార్యదర్శి ఆనందబాబుకు ఫోను చేసి, జరిగింది చెప్పి, గోడ మీద గంగ పేరు వేయమంది.

"బొమ్మ పక్కన పెట్టే పేరు కార్డు అచ్చయిపోయింది మేడమ్," అన్నాడతను. "ఆవిడ గొట్టం నెట్టింది, అంతే కదా? నడిపినంత మాత్రాన కారు డ్రైవరుదవుతుందా?"

"కారు ఎవరిదని అడగలేదు బాబూ మీ కాగితం. ఎవరు నడిపారని అడిగింది."

"పంపినవాళ్ళు తీసిన బొమ్మకే బహుమతి అని నిబంధన. మీరు తీయలేదంటే అది రెండో వారికి పోతుంది. ఊరుకోండి మేడమ్, ఎవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరు కాబట్టే చెబుతున్నాను. రెండో వారికే ఇవ్వండి."

అది తేలిక పని. మర్నాటి సాయంత్రం గంగను పెరట్లో కూర్చోబెట్టి చెప్పడం తేలిక కాలేదు.

"గోడ మీద నీ పేరు లేదు గంగా. నేను నా పేరే రాశాను."

గంగ తల మీది చుట్టకుదురు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా కాడ పడవకొక పాలు, వలకొక పాలు, మనిషికొక పాలు," అంది. "ఓనరు వేటకి రాకపోయినా పడవ పాలు ఇంటికి పంపిస్తాం. వాడు తాగి పడుకోనుండినా సరే. ఈ బొమ్మలో పడవ మీది, వల మీది. రెండు పాళ్ళు మీకే. నాది ఒక్క చేతి పాలు. అదెందుకు మింగినారమ్మా?"

"తెలియక."

"మీకు తెలియందేముంది?"

నిజమైన జవాబు పరంజ్యోతి గొంతు దాకా వచ్చింది. దాన్ని దాచుకుంటే రెండో తప్పు అవుతుంది. "చేపల బుట్ట మోసే మనిషి పేరు కూడా అక్కడ రాయాలని నాకు తోచలేదు," అంది.

గంగ లేచి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. తర్వాత రెండు సాయంత్రాలు ఆకాశం నిర్మలంగా ఉంది. ఆమె రాలేదు. టెలిస్కోపు మీద గుడ్డ పరంజ్యోతి తీయలేదు.

ఆదివారం ఆరాధన ముగించుకుని పరంజ్యోతి ఒక్కతే బస్సెక్కింది. వెంకటాచలం దాటేదాకా ఎర్ర పెన్సిలు సంచిలో ఉన్నదా అని మూడుసార్లు తడుముకుంది.

ప్రదర్శనశాల గుమ్మంలోనే కామమ్మ గొంతు వినబడింది. గంగ రానని మొరాయించినా ఆమె వదిలినట్టు లేదు. టిక్కెట్టు డబ్బులు తానే పెట్టుకుని లాక్కొచ్చింది.

"ఏదే నీ పేరు? ఇదా? ఇది నీ పేరెట్టా అయింది? ఎప్పుడు మార్చుకున్నావు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. గంగ తలవంచుకుని నిలబడి ఉంది. "నేను అబద్ధం చెప్పలా వదినా," అని మాత్రం అంటోంది, ఎవరికీ వినబడనంత మెల్లగా.

పరంజ్యోతి జనాన్ని తప్పించుకుని బొమ్మ ముందుకు వచ్చింది. తరగతి గదిలో వాడిన గొంతు ఇన్నేళ్ళ తర్వాత వాడింది.

"ఇది నాది కాదు. గంగాభవానిది. గాలి ఎప్పుడు నిలుస్తుందో చెప్పింది ఆమె. గొట్టాన్ని అదరకుండా నడిపింది ఆమె. పేరు దాచింది నేను."

ఆనందబాబు గబగబా వచ్చేలోగా అచ్చు కార్డు మీది తన పేరును ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పైన గంగాభవాని అని రాసింది. అక్షరాలు వంకరపోయాయి. అయినా కామమ్మ వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుని, చివరి అక్షరం దాకా చదివి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

గంగ కార్డు వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆమె ముఖం చిట్లించింది.

"ఇదేందమ్మా, మీ పేరు కొట్టేసినారు?"

"న్యాయం అదే."

"ఏం న్యాయం? పడవ పాలు ఎగ్గొట్టినోళ్ళకి మర్నాడు పడవ కదల్దు. నన్ను దొంగను చేస్తారా? రాయండి కింద."

పరంజ్యోతి మళ్ళీ పెన్సిలు ఎత్తింది కానీ ఈసారి చెయ్యి మాట వినలేదు. మొన కాగితం మీద ఎక్కడా ఆనడం లేదు. గంగ దగ్గరగా వచ్చి ఆ మణికట్టు కింద మూడు వేళ్ళు ఆనించింది, గొట్టానికి ఆనించినట్టే.

"ఉండండి," అంది. ఇద్దరూ కాసేపు ఆగారు. "ఇప్పుడు."

పడవ, వల: పరంజ్యోతి. ముత్యాల్లాంటి అక్షరాలు.

"పడవ ఏమిటి మేడమ్ ఇందులో?" అన్నాడు ఆనందబాబు అయోమయంగా.

"నీకు తెల్దులే అబ్బయా," అంది కామమ్మ, అతన్ని పక్కకు జరిపి బొమ్మ మీదికి వంగుతూ. "అది సరే గానీ గంగా, ఇంత మంచి గడ ఇడిచిపెట్టి యాడికి పోయినాడే వాడు?"