మరచెంబులో నీళ్ళు

బండి ఇంకా దూరపు సిగ్నలు దగ్గర ఉండగానే అసిరయ్య రెండో బిందె ఎత్తుకున్నాడు. కుడి భుజం మీద కాయ కాసిన చోట తువ్వాలు మడత వేసి, దాని మీద బిందె నిలిపి, ఎడమ చేత్తో పొడుగుకాడ గరిటె పట్టుకున్నాడు. ఉగాది నుంచి వానలు పడేదాకా స్టేషన్లో నీళ్ళు పోయడం, మిగతా నెలలు పొలంలో కూలి. పదకొండేళ్ళుగా ఇంతే. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఇంకో వారంలో ఈ ఏటి పని అయిపోతుంది.

"ఏరా అసిరిగా, ఇయ్యాల మీ ఇంటిది ఏటి వండినాది?" అన్నాడు పోర్టరు ఎల్లాజీ, బీడీ ముట్టించుకుంటూ. "నిన్న మూడో పెట్టెలో ముసలాయనకి రొయ్యల కూరని సెప్తన్నావు గదా! మాకు ఓ ముద్దయినా పెట్టవేట్రా?"

అసిరయ్య భుజం మీద తువ్వాలు మడత సర్దుకున్నాడు. చెవులు వేడెక్కాయి.

అతని భార్య మరిడమ్మ పోయి నాలుగేళ్ళయింది. గొంతులో పుండు లేచింది. పట్నం ఆసుపత్రిలో కోసిన మూడో రోజున పోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు. కిటికీల్లోంచి దోసిళ్ళు చాపే వాళ్ళకి మాత్రం తెలియదు. ఎవరో ఒకసారి "ఇంటి దగ్గర ఎవరున్నారు తాతా?" అంటే, "ఆడమనిషి ఉన్నాది బాబూ" అనేశాడు. నోరు జారింది. కానీ ఆ రోజు ఇంటికి వెళ్తే గుడిసె అంత ఖాళీగా అనిపించలేదు. ఆ తరువాతెప్పుడూ నోరు జారి అనలేదు. కావాలనే అన్నాడు. బండి ఆగే మూడు నిమిషాలూ మరిడమ్మ వండేది, తిట్టేది, మేకని కట్టేది.

బండి ఆగింది. మెయిలు దాటిపోవాలిట, ఇరవై నిమిషాలు కదలదు. అసిరయ్య సగం పెట్టెలకి నీళ్ళు పోసేసరికి ఒకావిడ దిగి అతని వెనకే వచ్చింది. నుదుట బొట్టు లేదు. గాజులుండిన చోట మణికట్టు తెల్లగా ఉంది. చేతిలో ఇత్తడి మరచెంబు.

"గుర్తు పట్టారా? వైశాఖంలో మా ఆయనకి నీళ్ళు పోసినారు. పాతపట్నంలో బట్టల కొట్టు, జగన్నాధం గారు. నా పేరు సుభద్రమ్మ."

అతనికి ముందు గుర్తొచ్చింది మరచెంబే. తరువాత ఆ మనిషి. ఒక్కొక్క గుక్కకీ కళ్ళు మూసుకుని, మెడ పట్టుకుని మింగినవాడు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కోత వద్దు, ఇంటికి పోతానన్నవాడు. అప్పుడే అసిరయ్య అన్నాడు, "మా ఇంటిదానికీ ఇలాగే బాబూ. కోసినారు. ఇప్పుడు కుండలు మోస్తన్నాది."

"మీ మాట విన్నాక ఆయన మరి కోత వద్దనలేదు" అంది సుభద్రమ్మ. "ఇందులో మీరు పోసిన నీళ్ళు ఎవర్నీ ముట్టుకోనియ్యలేదు. బతికిన మనిషి ఇంటి నీళ్ళు, కోసినాక తాగుతానని మూత బిగించి, నా చేతికిచ్చి లోపలికెళ్ళినారు."

అక్కడ ఆగింది. మిగతాది ఆమె బోసి చేతులు చెబుతూనే ఉన్నాయి.

"ఇది మీ ఇంటావిడకి ఇద్దామని తెచ్చినాను. ఇల్లు దగ్గరేనా? నేను గుమ్మం ఎక్కనులెండి. వీధిలోనే నించుంటాను. అంత రోగమొచ్చీ బతికినామెని ఒక్కసారి కళ్ళతో చూసి వెళ్ళిపోతాను."

పుట్టింటికెళ్ళిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీదే ఉంది. పక్కనే ఉన్న ఎల్లాజీ బీడీ పారేసి అటు తిరిగాడు. ఈసారి నవ్వలేదు.

అసిరయ్య బిందె కింద పెట్టాడు.

"మరిడమ్మ బతకలేదమ్మా. నాలుగేళ్ళైనాది. ఆ ఆసుపత్రిలోనే పోయినాది. నాను అబద్ధమాడినాను."

"ఎందుకు?"

"ఆ బాబు భయపడతన్నాడని..." అని ఆగిపోయాడు. ఇదీ నిజం కాదు. "కాదమ్మా. అలగ సెప్తే అది ఇంటికాడ ఉన్నట్టుంటాది."

మెయిలు దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. అది పోయేదాకా ఆమె అతని మొహం చూస్తూనే ఉంది. అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మడమల పగుళ్ళలో నీళ్ళు పడి బురదైంది.

గార్డు ఈల వేశాడు. ఆమె మరచెంబు బెంచీ మీద పెట్టి, పెట్టె ఎక్కింది.

"అమ్మా, సెంబు!" అసిరయ్య దాన్ని పట్టుకుని కిటికీ దాకా పరుగెత్తాడు.

"నాకొద్దు" అంది, అతని వైపు చూడకుండా. బండి కదిలింది.

సాయంత్రం బండికి కూడా అతను నీళ్ళు పోశాడు. కిటికీలోంచి ఎవరో అడిగారు, ఇంట్లో ఎవరున్నారని.

"ఎవులూ లేరు బాబూ."

తొలి వాన పడ్డ రోజున గరిటె స్టేషన్లో అప్పజెప్పి ఇంటికి వచ్చేశాడు. మరచెంబు గుడిసెలో మరిడమ్మ ఉప్పుకుండ పక్కన ఉంది. కదిపితే లోపల నీళ్ళు చప్పుడు చేస్తాయి. మూత జగన్నాధం గారు బిగించినట్టే ఉంది.